ఆటుపోట్ల నదిలో యాట్ ప్రయాణం: రాత్రికి పడవ ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి

సముద్రం మీదుగా వచ్చి నదిలోకి తిరగబోయేవాళ్లు మామూలుగా పోటు ఎప్పుడో చూసుకుని, ఆ టైముకు మొగ దాటేస్తే చాలనుకుంటారు. దాటేసరికి సాయంత్రమవుతుంది. ఒడ్డు పక్కన నీళ్లు నిండుగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. లంగరు వేసి వంట మొదలుపెడతారు. అర్ధరాత్రి దాటాక గిన్నెలు ఒక పక్కకు జారుతున్న చప్పుడుకు మెలకువ వస్తుంది. పడవ కింద నీళ్లు లేవు. మళ్లీ తేలాలంటే తెల్లవారాలి.

అందుకే ఈ ప్రయాణాన్ని వెనక నుంచి లెక్కవేయాలి. రాత్రి మకాం ఎక్కడో ముందు తేల్చుకోవాలి. అక్కడ పూర్తి ఆటు వేళకు ఎన్ని నీళ్లు మిగులుతాయో చూడాలి. మొగ దాటే టైము ఆ తర్వాత దానంతట అదే తేలుతుంది. తీరం వెంబడి పడవ నడిపిన అలవాటు ఉండి, నదిలోకి మొదటిసారి వెళ్తున్నవాళ్ల కోసం ఈ మార్గదర్శి. తెరచాప ఎత్తడం, దించడం లాంటివి ఇందులో ఉండవు.

మొదటి మెట్టు: నీటి లెక్క

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక నిండు పోటుకూ తర్వాతి దానికీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు. అప్పుడు నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా దిగిపోతాయి. అష్టమి దాటాక చిన్న పోట్లు. కొత్త నదికి మొదటిసారి వెళ్తుంటే చిన్న పోట్ల రోజులే ఎంచుకోండి. వడి తక్కువగా ఉంటుంది, లెక్కలో చిన్న పొరపాటు జరిగినా నది క్షమిస్తుంది.

ఒక రేవులో పెద్ద పోట్లు ఎప్పుడూ ఇంచుమించు ఒకే వేళకు వస్తాయి. ఇంగ్లండ్‌లోని డోవర్‌లో అవి మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతంలో పడతాయి. అంటే అక్కడ నీళ్లు బాగా తగ్గేది పొద్దున, సాయంత్రం. మీరు వెళ్లే చోటికి ఈ సంగతి తెలిస్తే ఆటుపోట్ల పట్టిక తెరవకముందే సగం ప్లాన్ తయారవుతుంది.

పట్టిక చూసేటప్పుడు రెండు విషయాలు తప్పక చూడాలి. అందులోని టైముకు వేసవి గంట (కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు) కలిపారా లేదా అన్నది మొదటిది. బ్రిటన్ పట్టికలు చాలావరకు ప్రామాణిక సమయంలోనే ఉంటాయి, వేసవిలో గంట మనమే కలుపుకోవాలి. ఆ అంకెలు ఏ రేవుకు ఇచ్చినవి అన్నది రెండోది. నదిలో పైకి పోయేకొద్దీ పోటు ఆలస్యమవుతుంది. థేమ్స్ మొగ దగ్గర షీర్‌నెస్‌లో నీళ్లు నిండిన గంటకు పైగా గడిచాక గానీ లండన్ బ్రిడ్జి దగ్గర నిండవు.

గంటగంటకూ నీళ్లెంత మారతాయో అంచనా వేయడానికి నావికులు వాడే పన్నెండో వంతుల సూత్రం ఒకటుంది. మొత్తం తేడాను 12 భాగాలు చేస్తే ఆరు గంటల్లో వరసగా 1, 2, 3, 3, 2, 1 భాగాలు మారతాయి. నడిమి రెండు గంటల్లోనే సగం నీళ్లు వెళ్లిపోతాయన్నమాట. కానీ నది లోపల ఈ సూత్రాన్ని పూర్తిగా నమ్మకండి. పైకి పోయేకొద్దీ పోటు గబగబా ఎక్కి, ఆటు నెమ్మదిగా, ఎక్కువసేపు దిగుతుంది. ఎగువన భారీ వానలు పడితే ఆటు ఇంకా సాగుతుంది, వడి పెరుగుతుంది. నది అచ్చంగా ఎలా నడుస్తుందో కావాలంటే ఆ రేవు ఆటుపోట్ల వక్రరేఖ చూడాల్సిందే.

వాతావరణ పీడనాన్ని కూడా కలుపుకోవాలి. పట్టికలు సగటు పీడనానికి వేసినవి. పీడనం 1013 హెక్టోపాస్కల్స్ దాటి ఒక్కో యూనిట్ పెరిగినప్పుడు నీటిమట్టం సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. ఎండ కాస్తూ గాలి లేని చక్కటి రోజున బారోమీటర్ 1033 చూపిస్తే, పట్టిక చెప్పినదానికంటే 20 సెంటీమీటర్లు తక్కువ ఉండొచ్చు. కీల్ (పడవ అడుగున రెక్కలా దిగి ఉండే భాగం) కింద అర మీటరు వదిలామని నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఇది చిన్న అంకె కాదు.

కొన్ని నదుల్లో మామూలు తర్కం పనిచేయదు. సెవర్న్ నది మొగ దగ్గర ఏవన్‌మత్‌లో పెద్ద పోట్లప్పుడు నీటి తేడా 12 మీటర్లు దాటుతుంది, ఎగువన పోటు గోడలా లేచి వస్తుంది. హుగ్లీలోనూ అలాంటి పోటు అల వస్తుంది. ఫ్రాన్స్‌లోని రాన్స్ నది మీద 1966 నుంచి ఆటుపోట్ల విద్యుత్ కేంద్రం నడుస్తోంది కాబట్టి ఆ ఆనకట్ట వెనక నీటిమట్టం చంద్రుడిని బట్టి మాత్రమే మారదు. అక్కడికి వెళ్లేవాళ్లు విద్యుత్ సంస్థ ప్రకటించే మట్టాలు చూసుకోవాలి.

రెండో మెట్టు: మొగ దాటడం

నది తెచ్చిన ఇసుక, సముద్రం తోసిన ఇసుక కలిసి మొగ దగ్గర మేట వేస్తాయి. ఆ మేటలు తుఫానుకొకసారి జరుగుతాయి. చార్ట్ కొన్నది నిరుడే అయినా దారి చూపే బోయాలు (నీళ్ల మీద తేలే గుర్తులు) ఈపాటికి చోటు మారి ఉండొచ్చు. బయల్దేరే ముందు నావికులకు వచ్చే తాజా నోటీసులు చదవండి. వీలైతే హార్బర్ మాస్టర్ ఆఫీసుకు ఫోన్ చేయండి. అక్కడ దొరికే ఒక్క వాక్యం, "రెండో ఎర్ర బోయాకు బాగా దగ్గరగా పోండి" లాంటిది, ఏ యాప్‌లోనూ దొరకదు.

పోటు ఎక్కుతుండగా, సగం నిండాక లోపలికి వెళ్లడం మంచిది. ఇసుకకు తగిలినా కాసేపట్లో తేలిపోతారు. నిండు పోటు వేళ వెళ్లి తగిలితే ఆ తర్వాత నీళ్లు తగ్గడమే ఉంటుంది. అది పెద్ద పోట్లలోకల్లా పెద్దదైతే తర్వాతి పోట్లు అంత ఎత్తుకు రావు, దాదాపు రెండు వారాలు అక్కడే కూర్చోవాల్సి వస్తుంది.

ఆటు బయటికి లాగుతుంటే, గాలి సముద్రం నుంచి లోపలికి వీస్తుంటే మాత్రం మొగ జోలికి పోవద్దు. రెండూ ఎదురుపడిన చోట అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. బయటి నుంచి చూస్తే వాటి వీపు మాత్రమే కనిపిస్తుంది, అందుకే చిన్నవిగా అనిపిస్తాయి. సందేహంగా ఉంటే బయటే ఆగి నీళ్లు తిరిగేదాకా చూడండి.

బోయాల రంగు విషయంలో, యూరప్, ఆఫ్రికా, ఆసియాలో చాలాచోట్ల సముద్రం నుంచి లోపలికి పోయేటప్పుడు ఎర్రవి ఎడమ చేతికి, పచ్చవి కుడి చేతికి రావాలి. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లో ఇది తిరగబడుతుంది.

మూడో మెట్టు: నదిలో పైకి

పోటుతో పాటే పోవాలి. మీ పడవ వేగం 5 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక సముద్ర మైలు), ప్రవాహం 3 నాట్లు అనుకుంటే పోటుతో వెళ్తే నేల మీద 8, ఎదురుగా వెళ్తే 2. పదహారు మైళ్లు ఒక దారిలో రెండు గంటలు, ఇంకో దారిలో ఎనిమిది గంటలు. ఎనిమిది గంటలైతే మధ్యలో ప్రవాహమే తిరిగిపోతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మలుపుల దగ్గర లోతు బయటి వంపు వైపు ఉంటుంది. లోపలి వంపులో మేట ఉంటుంది. దగ్గరి దారి కదా అని మలుపును కోసుకుంటూ పోయేవాళ్లు బురదలో దిగబడేది అక్కడే.

ఇరుకు కాలువల్లో మీరు పోయే దిశకు కుడి చేతి వైపు ఉండి నడపాలి. 20 మీటర్లకు తక్కువ పొడవున్న పడవలూ, తెరచాప మీద నడిచేవీ ఆ కాలువలో తప్ప పోలేని పెద్ద ఓడలకు అడ్డు రాకూడదని, ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ నియమాల్లో తొమ్మిదోది చెబుతుంది. తెరచాప పడవకే ముందు దారి అన్న ధీమా ఇక్కడ చెల్లదు.

వంతెనలు, కరెంటు తీగల కింద నుంచి పోయేటప్పుడు లెక్క తలకిందులవుతుంది. నిండు పోటుకు కింద నీళ్లు ఎక్కువ, పైన జాగా తక్కువ. మాస్ట్ (తెరచాప స్తంభం) ఎత్తుకు పైనున్న యాంటెనా, లైటు కూడా కలపండి. తీగల విషయంలో తగలకపోతే చాలనుకోకూడదు, దగ్గరికి వచ్చినా కరెంటు దూకుతుంది. చార్ట్ మీద ఇచ్చిన సురక్షిత ఎత్తునే పాటించాలి.

పెద్ద రేవు ఉన్న నదుల్లో రేడియో వినడం తప్పనిసరి అనుకోండి. థేమ్స్‌లో వరద అడ్డుకట్ట దాటాలంటే ఓడల రాకపోకలను నియంత్రించే లండన్ వీటీఎస్‌ను వీహెచ్ఎఫ్ రేడియో 14వ ఛానెల్‌లో పిలిచి అనుమతి తీసుకోవాలి. పచ్చ బాణాలు ఏ ద్వారం వైపు చూపిస్తే అందులోంచి, తెరచాప దించి, ఇంజిన్ మీద పోవాలి. ఎర్ర క్రాస్ ఉన్న ద్వారం మూసినట్టు లెక్క.

నాలుగో మెట్టు: రాత్రికి ఏ రకం చోటు

హాయిగా నిద్రపోవాలంటే పాంటూన్‌కు, అంటే నీళ్ల మీద తేలే వేదికకు, మించింది లేదు. నీళ్లతో పాటు అదీ ఎక్కుతుంది, దిగుతుంది, తాళ్లు సరిచేసే పని ఉండదు. పాంటూన్ పక్కన పూర్తి ఆటుకు లోతెంతో మాత్రం అడగండి. కొన్నిచోట్ల పాంటూన్ లోపలి వైపు బురదే మిగులుతుంది.

లాక్ గేట్లో, నీళ్లను ఆపే గడపో ఉన్న మరీనాలో లోపల ఎప్పుడూ నీళ్లుంటాయి. కానీ లోపలికి, బయటికి దారి కొన్ని గంటలే తెరుచుకుంటుంది. లండన్‌లోని సెయింట్ క్యాథరిన్ డాక్స్‌లో నిండు పోటుకు ముందు సుమారు రెండు గంటలు, తర్వాత గంటన్నర వరకే లాక్ నడుస్తుంది. ఆలస్యమైతే బయట ఆగడానికి బోయా ఉందా లేదా అన్నది కూడా మీ ప్లాన్‌లో భాగమే.

వచ్చిపోయే పడవలు కట్టుకునే విజిటర్ బోయాలు నాకు బాగా నచ్చే ఏర్పాటు. వాటి మీద సందర్శకులకని రాసి ఉంటుంది, మోయగల బరువు కూడా చాలాచోట్ల రాసి ఉంటుంది. ఖాళీగా కనిపించిన ప్రతి బోయా మనది కాదు. ప్రైవేటు మూరింగ్ (పడవ కట్టడానికి అడుగుకు గొలుసుతో బిగించిన బోయా) పట్టుకుంటే యజమాని చీకటి పడ్డాక రావచ్చు. అంతకంటే ముఖ్యంగా, దాని గొలుసు మీ పడవ బరువుకు సరిపోతుందో లేదో తెలియదు. హార్బర్ మాస్టర్‌నో, అక్కడి క్లబ్‌నో అడిగితే ఊరెళ్లినవాళ్ల మూరింగ్ ఒకటి ఇప్పించడం మామూలే.

కొన్ని నదుల్లో పడవ ముందు ఒక బోయాకు, వెనక ఒక బోయాకు కట్టే వరసలుంటాయి. తక్కువ చోటులో ఎక్కువ పడవలు పడతాయి, పడవ తిరగదు. కానీ పక్క గాలికి తాళ్ల మీద బరువు బాగా పడుతుంది. వేరే పడవ పక్కన కట్టాల్సి వస్తే ముందు ఆ పడవవాళ్లు పొద్దున ఎన్నింటికి బయల్దేరతారో అడగండి. ఇద్దరి మాస్ట్‌లు ఒకే వరసలో లేకుండా చూడండి. ఒడ్డుకు మీ తాళ్లు మీరే కట్టుకోండి, పక్క పడవ మీద భారం వేయొద్దు. ఒడ్డుకు వెళ్లేటప్పుడు వాళ్లు కూర్చుని పడవ నడిపే కాక్‌పిట్‌లోంచి కాకుండా ముందు డెక్ మీదుగా నడవడం మర్యాద.

ఐదో మెట్టు: బోయా పట్టుకోవడం

ముందు అక్కడ కట్టి ఉన్న పడవలు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. మీ పడవలాంటి కీల్ ఉన్నవాటినే చూడాలి, చదునైన మోటారు బోట్లు గాలికి తిరుగుతాయి. అవి ఎటు ముఖం పెట్టాయో మీరూ అటే ముఖం పెట్టి, అంటే ప్రవాహానికి ఎదురుగా, వెళ్లాలి. గాలి వెనక నుంచి వస్తున్నా సరే. ప్రవాహానికి ఎదురుగా పోతే నీటిలో వేగం 3 నాట్లున్నా బోయా దగ్గర పడవ దాదాపు నిలబడి ఉంటుంది, చుక్కాని మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ప్రవాహంతో కలిసి వస్తే బోయాను పట్టుకున్న మనిషి నీళ్లలోకో, హుక్ కర్ర నీళ్లలోకో పోతుంది.

ముక్కు దగ్గర ఉన్న మనిషి నోటితో అరవకుండా చేత్తో దారి చూపాలి. చివరి కొన్ని మీటర్లలో బోయా ముక్కు కింద దాక్కుంటుంది, చుక్కాని పట్టినవాళ్లకు కనిపించదు. చిన్న పికప్ బోయా ఉంటే హుక్ కర్రతో దాన్ని ఎత్తి, దాని తాడు లాగితే లావు మోకు చేతికొస్తుంది. ఆ మోకును డెక్ మీద తాళ్లు కట్టే క్లీట్‌కు వేయండి. రింగు మాత్రమే ఉంటే మీ తాడును రింగులోంచి తీసి వెనక్కి పడవకే కట్టడం తాత్కాలికంగా సరే. రాత్రంతా అలా ఉంచితే పడవ తిరిగినప్పుడల్లా తాడు రింగులో రంపంలా కదిలి అరిగిపోతుంది. స్థిరపడ్డాక రింగుకు రెండు చుట్లు వేసి ముడి బిగించండి, దానితో సంబంధం లేకుండా ఇంకో తాడు కూడా కట్టండి.

పాంటూన్‌కు కట్టేటప్పుడూ ఇదే సూత్రం. ప్రవాహానికి ఎదురుగా ముక్కు పెట్టి, ప్రవాహంతో సరిసమానమైన వేగంలో పడవను నిలిపి, ముక్కును పాంటూన్ వైపు కొద్దిగా మాత్రమే వంచండి. పడవ ముందుకు పోకుండా పక్కకు జరుగుతుంది. ఒకసారి కుదిరాక ఇది నేర్పు కాదు, నదే చేసిపెట్టే పని అని తెలుస్తుంది.

ఆరో మెట్టు: లంగరు లెక్క

అంకెలతో చూద్దాం. పడవ డ్రాఫ్ట్, అంటే నీళ్లలో మునిగి ఉండే లోతు, 1.6 మీటర్లు. పట్టికలో నీటిమట్టం నిండు పోటుకు 4.4 మీటర్లు, రాత్రి పూర్తి ఆటుకు 0.8. తేడా 3.6, పన్నెండో వంతు 0.3. నిండు పోటు దాటిన రెండు గంటలకు లంగరు వేస్తున్నారు, అప్పటికి 0.9 తగ్గి మట్టం 3.5 అయింది. ఇంకా తగ్గాల్సింది 2.7. కాబట్టి ఇప్పుడు మీకు కావాల్సిన లోతు: డ్రాఫ్ట్ 1.6, భద్రతకు 0.5, తగ్గబోయే 2.7, మొత్తం 4.8 మీటర్లు. లోతు కొలిచే సౌండర్ అంతకంటే తక్కువ చూపిస్తే అక్కడ ఆగొద్దు. మీ సౌండర్ చూపించేది నీటి ఉపరితలం నుంచా, కీల్ కింద నుంచా అన్నది తెలియకపోతే ఈ లెక్కంతా వృథా.

గొలుసు వదలాల్సింది మాత్రం ఎక్కువ నీళ్లను బట్టి. తెల్లవారుజామున పోటు 4.6కు వస్తుందనుకోండి. అప్పుడు లోతు 5.9, ముక్కు నీటికి 1.1 ఎత్తు, మొత్తం 7. గొలుసైతే కనీసం నాలుగింతలు, 28 మీటర్లు. తాడు ఎక్కువగా ఉంటే ఆరేడు ఇంతలు. పూర్తి ఆటు వేళ వచ్చి 2.1 మీటర్ల లోతు చూసి 13 మీటర్లు వదిలి పడుకుంటే, పోటు వచ్చేసరికి అది రెండింతలకు కూడా చాలదు. లంగరు జారేది అప్పుడే.

ఆరు గంటలకొకసారి ప్రవాహం తిరుగుతుంది, దానితో పాటు పడవ లంగరు చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. నీళ్లు తగ్గినప్పుడు 28 మీటర్ల గొలుసూ, 10 మీటర్ల పడవా కలిసి 38 మీటర్ల దాకా చుట్టేస్తాయి. మూరింగ్ మీదున్న పడవ తన బోయా చుట్టూ కొద్దిగానే తిరుగుతుంది. అందుకే మూరింగ్‌ల మధ్య లంగరు వేయకూడదు. పైగా అడుగున వాళ్ల గొలుసులకు మీ లంగరు చిక్కుకుంటే పొద్దున ఎంత లాగినా రాదు.

రాత్రి చుట్టూ కనిపించే తెల్ల లైటు, పగలు నల్ల బంతి పెట్టడం మరచిపోకండి. జాలరి పడవలు తెల్లవారకముందే బయల్దేరతాయి.

బురదలో కూర్చోవాలనుకుంటే

రెండు కీల్‌లు ఉన్న పడవైతే ఇది భయపడాల్సిన విషయమే కాదు, నిజానికి చిన్న ఏరుల్లో ఇంతకంటే నిశ్శబ్దమైన రాత్రి దొరకదు. ఒంటి కీల్ పడవకు పక్క కాళ్లో, ఆనుకోవడానికి గోడో కావాలి. గోడకు ఆనించేటప్పుడు పడవ కొద్దిగా గోడ వైపే ఒరిగేలా బరువులు అటు చేర్చండి. ఒకసారి ఆటులో నడిచివెళ్లి ఆ చోటు చూసుకోవడం తప్పనిసరి. పాత గొలుసులు, రాళ్లు, ఇనుప ముక్కలు బురదలో ఉంటాయి, కీల్ వాటి మీద కూర్చుంటే మరమ్మతుకు చాలా ఖర్చవుతుంది.

పడుకునే ముందు

ఒడ్డు మీద రెండు గుర్తులు ఒకే గీతలో ఉన్నవి చూసి పెట్టుకోండి, ఒక లైటూ దాని వెనక ఇంకో లైటూ అయితే రాత్రి కూడా పనికొస్తాయి. యాంకర్ అలారం పెట్టేటప్పుడు ప్రవాహం తిరిగితే పడవ అవతలి పక్కకు పోతుందని గుర్తుంచుకుని వలయం పెద్దగా ఇవ్వండి. లేకపోతే అనవసరంగా మోగి, తర్వాత అసలైనప్పుడు మోగినా ఎవరూ లేవరు.

ప్రవాహం తిరిగే టైముకు ఫోన్‌లో ఇంకో అలారం పెట్టి, లేచి ఒక్కసారి బయట చూడటం నా అలవాటు. లంగరైనా, బోయా అయినా మొదటి తిరుగుడులో గడిచిపోతే మిగతా రాత్రికి టెన్షన్ ఉండదు. గాలి ప్రవాహానికి ఎదురుగా ఉంటే బోయా వచ్చి పడవను ఠంగుఠంగున కొడుతుంటుంది. తాడును బాగా పొట్టి చేసి బోయాను ముక్కుకు దగ్గరగా లాగి కట్టేస్తే చాలావరకు తగ్గుతుంది.

ఒడ్డుకు డింగీలో (యాట్‌తో ఉండే చిన్న పడవలో) వెళ్లేవాళ్లు తిరిగొచ్చే టైము కూడా పట్టిక చూసి నిర్ణయించుకోవాలి. మూడు నాట్ల ప్రవాహానికి ఎదురుగా తెడ్డు వేసి గెలవడం కుదరదు. మధ్యాహ్నం దిగిన మెట్లు రాత్రికి బురదలో ముగుస్తాయి. లైఫ్ జాకెట్, టార్చ్, ఇంజిన్ ఉన్నా సరే తెడ్లు, ఇవి లేకుండా డింగీ ఎక్కొద్దు.

పొద్దున బయల్దేరడం

దిగువకు పోవడం నిండు పోటు వేళ మొదలుపెడితే ఆటు మొత్తం మీకు తోడుంటుంది. కానీ ఆ ఆటుతోనే మొగ దాకా పోతే అక్కడికి చేరేసరికి నీళ్లు బాగా తగ్గి ఉంటాయి, గాలి ఎదురైతే అలలూ లేస్తాయి. నది పొడవైతే మొగకు కాస్త ఎగువన మధ్యలో ఒక మకాం పెట్టుకుని, తర్వాతి పోటుకు దాటడం మేలు. చిన్న నది అయితే నిండు పోటుకు గంట ముందే, కొంచెం ఎదురు ప్రవాహాన్ని భరించి బయల్దేరితే మొగ దగ్గర ఇంకా నిండుగా ఉండగానే బయటపడొచ్చు.

పాంటూన్ వదిలేటప్పుడు ప్రవాహం ముందు నుంచి వస్తుంటే, వెనక స్ప్రింగ్ తాడును (పడవ వెనక నుంచి ముందు వైపుగా పాంటూన్‌కు ఏటవాలుగా కట్టినదాన్ని) ఉంచి ముక్కు తాడు వదులు చేయండి. నీళ్లే ముక్కును బయటికి తోస్తాయి. ప్రవాహం వెనక నుంచి వస్తుంటే వెనక భాగాన్ని ముందు బయటికి తీయాలి. లంగరైతే గొలుసును కొద్దికొద్దిగా ఎత్తుతూ, ప్రతి రెండు మీటర్లకూ ఆగి బక్కెట్‌తో నీళ్లు కొట్టండి. నది బురద గొలుసుతో పాటు లోపలికి చేరితే రెండో రోజుకే పడవంతా వాసన పడుతుంది.